కిడ్నీ, యూరిన్ రిపోర్టుల్లోని మాటల్ని విడదీసి చదవడం ఎలా

"స్కాన్‌లో మైల్డ్ హైడ్రోనెఫ్రోసిస్ అని రాశారండీ, కిడ్నీ చెడిపోయినట్టేనా?" "పస్ సెల్స్ 3-4 అంటే ఇన్ఫెక్షనేనా?" "నెఫ్రోస్టమీ చెయ్యాలంటున్నారు, కిడ్నీ తీసేస్తారా?" ఇలాంటి ప్రశ్నలు ఎంతమంది అడిగినా ఇబ్బంది ఒక్కటే. కాగితం మీద మాట పొడుగ్గా, కొత్తగా ఉంటుంది. డాక్టరు ఎదురుగా కూర్చున్న ఆ కాసేపట్లో దాని గురించి అడగాలని తోచదు. ఇంటికొచ్చి ఫోన్‌లో వెతికితే అన్నిటికంటే భయపెట్టే అర్థమే ముందు కనిపిస్తుంది. ఇక రాత్రంతా టెన్షన్.

ఈ మాటల్ని బట్టీ పట్టక్కర్లేదు. బడిలో సంధి విడదీసినట్టు విడదీస్తే చాలు. ఒక పాతిక ముక్కలు తెలిస్తే, కిడ్నీకీ మూత్రానికీ సంబంధించిన మాటల్లో చాలావాటి అర్థం మీకే తెలుస్తుంది. అయితే దీంతో జబ్బు నిర్ధారణ చేసుకోకూడదు, మందులు అసలే మార్చుకోకూడదు. కాగితంలో ఏముందో తెలుసుకుని, డాక్టర్ని సరైన ప్రశ్న అడగగలగడం వరకే దీని పని.

రిపోర్టు పక్కన పెట్టి ముందు ఆసుపత్రికి వెళ్లాల్సిన సందర్భాలు

కింది వాటిలో ఏ ఒక్కటి ఉన్నా మాటల అర్థాలు చూస్తూ కూర్చోవద్దు.

- మూత్రం బిగపట్టినట్టు నొప్పిగా ఉండి, ఎంత ప్రయత్నించినా రాకపోవడం. లేదా రోజంతా మూత్రమే లేకపోవడం
- నడుముకి ఒక పక్క నొప్పితో పాటు చలిజ్వరం. రాయి ఉందని ముందే తెలిసినవాళ్లకి ఇది మరీ ప్రమాదం
- మూత్రంలో రక్తపు గడ్డలు
- మూత్రం తగ్గి, ముఖమూ కాళ్లూ వాచి, ఆయాసం రావడం
- గర్భిణికి గానీ చిన్నపిల్లలకి గానీ మూత్రంలో మంటతో పాటు జ్వరం, వాంతులు

కావలసినవి

రిపోర్టులన్నీ, పాతవి కూడా. డిశ్చార్జ్ సమ్మరీ ఉంటే అది తప్పకుండా. ఒక తెల్ల కాగితం, రెండు రంగుల పెన్నులు. అరగంట తీరిక. రిపోర్టు ఫోన్‌లో ఫోటోగా మాత్రమే ఉంటే, పెద్దది చేసి మీకు అర్థం కాని మాటల్ని అక్షరం అక్షరం చూసి కాగితం మీద రాసుకోండి. ఇంగ్లిష్ అక్షరాలు చదవడం అలవాటు లేకపోతే ఇంట్లో ఎవరి చేతనైనా స్పెల్లింగ్ చెప్పించుకోండి. మాటని చదివించుకుంటే చాలదు. ఈ విషయంలో చెవికి ఒకేలా వినిపించే మాటలు చాలా ఉన్నాయి, తేడా అంతా స్పెల్లింగులోనే ఉంటుంది.

డాక్టరు చేతిరాత అర్థం కాకపోతే ఊహించకండి. మందుల పేర్లు ఫార్మసిస్టు చెప్పగలరు. జబ్బు పేరు రాసిన లైను మాత్రం ఆ క్లినిక్‌లోనే అడగాలి. టైపు చేసిన కాగితం ఏదైనా ఉంటే చేతిరాత జోలికి వెళ్లకుండా దాన్నే చూడండి.

1. కాగితాల్ని మూడు కుప్పలు చెయ్యండి

మొదటిది డాక్టరు రాసినవి: చీటీ, కేస్ షీటు, డిశ్చార్జ్ సమ్మరీ. రెండోది ల్యాబువి: యూరిన్, రక్త పరీక్షలు, కల్చర్ (శాంపిల్‌లో క్రిములు పెరుగుతాయేమో చూసే పరీక్ష). మూడోది స్కాన్లు. ప్రతి కాగితం మీదా పేరు, వయసు, తేదీ మీవేనా అని చూడండి. ఒకే ఇంట్లో ఇద్దరి రిపోర్టులు ఒకే కవర్లో కలిసిపోవడం మామూలే.

స్కాన్ రిపోర్టు పొడుగ్గా ఉంటే ముందు చివరికి వెళ్లండి. అక్కడ 'ఇంప్రెషన్' అనే భాగం ఉంటుంది. స్కాన్ చూసిన డాక్టరు తేల్చి చెప్పేది అదే. పైన ఉన్నదంతా వివరణ. 'అన్‌రిమార్కబుల్' అని ఉంటే చెప్పుకోదగ్గ తేడా లేదని అర్థం, అంటే మంచి మాటే.

2. ముందు నాలుగు చోట్లు గుర్తుపెట్టుకోండి

తెల్ల కాగితం మీద పైన రెండు కిడ్నీలు గీయండి. ఒక్కో దాని నుంచి కిందికి ఒక సన్నని గొట్టం. ఆ రెండు గొట్టాలూ కలిసేది మూత్రాశయంలో. అక్కడి నుంచి బయటికి ఒకే ఒక్క దారి. బొమ్మ అందంగా లేకపోయినా ఫర్వాలేదు.

కిడ్నీని సూచించే ముక్కలు రెండు: 'నెఫ్రో', 'రీనల్'. ఒకటి గ్రీకు నుంచి, ఒకటి లాటిన్ నుంచి వచ్చాయి. రెండూ ఒకే అవయవం. కిడ్నీ లోపల మూత్రం పోగయ్యే గరాటు లాంటి భాగానికి 'పైలో' లేదా 'పెల్విస్' అంటారు. 'రీనల్ పెల్విస్' అని కనిపిస్తే అది తుంటి ఎముక కాదు.

కిడ్నీ నుంచి మూత్రాశయానికి వచ్చే గొట్టం 'యురెటర్'. పెద్దవాళ్లలో సుమారు 25 నుంచి 30 సెంటీమీటర్లు ఉంటుంది. మూత్రాశయానికి 'సిస్టో', 'వెసికో', 'వెసికల్', 'బ్లాడర్' అన్నవన్నీ పేర్లే. అక్కడి నుంచి బయటికి వచ్చే దారి 'యురెత్రా'. ఆడవాళ్లలో ఇది 4 సెంటీమీటర్లే, మగవాళ్లలో 20 దాకా ఉంటుంది. ఆడవాళ్లకి యూరిన్ ఇన్ఫెక్షన్ ఎక్కువగా రావడానికి ఈ పొట్టి దారి ఒక ముఖ్య కారణం. మగవాళ్లలో మూత్రాశయం కిందే, ఈ దారి చుట్టూ ప్రోస్టేట్ గ్రంథి ఉంటుంది. అది పెరిగితే దారి నొక్కుకుపోతుంది.

ఎక్కువమంది తప్పు చదివేది ఇక్కడే. తెలుగులో వాడుకగా యురెటర్‌నీ, యురెత్రానీ రెంటినీ 'మూత్రనాళం' అనేస్తాం. బడి పుస్తకాల్లో రెండోదాన్ని 'ప్రసేకం' అంటారు గానీ బయట ఎవరూ అనరు. రిపోర్టులో ఇవి పూర్తిగా వేర్వేరు చోట్లు. స్పెల్లింగులో 'టి' పక్కన 'హెచ్' ఉంటే బయటికి వచ్చే దారి, 'హెచ్' లేకపోతే పైనున్న గొట్టం. 'యురెటెరిక్ కాలిక్యులస్' అంటే పైగొట్టంలో రాయి. 'యురెత్రల్ స్ట్రిక్చర్' అంటే బయటికి వచ్చే దారి ఇరుకైపోవడం. ఒకటి నడుములో మొదలయ్యే మెలిపెట్టే నొప్పి, ఇంకొకటి మూత్రం సన్నగా, ఆగి ఆగి రావడం.

3. మాటని చివరి నుంచి చదవండి

పొడుగు మాటలో చివరి ముక్క ఏం జరిగిందో చెబుతుంది. మధ్యదో మొదటిదో ఎక్కడ జరిగిందో చెబుతుంది. అందుకే వెనక నుంచి మొదలుపెట్టండి. ఒక రంగుతో చివరి ముక్క కింద గీత, ఇంకో రంగుతో చోటు చెప్పే ముక్క కింద గీత గీయండి.

'యూరియా' తో ముగిస్తే అది మూత్రంలోని తేడా. వీటిని ఒక్కసారి వరసగా చూస్తే మళ్లీ మర్చిపోరు. డిస్యూరియా: మూత్రం పోసేటప్పుడు మంట, నొప్పి. హెమటూరియా: మూత్రంలో రక్తం. పయూరియా: చీము కణాలు. ప్రొటీన్యూరియా: ప్రొటీన్ పోవడం. గ్లైకోసూరియా: చక్కెర పోవడం. పాలీయూరియా: మరీ ఎక్కువ మూత్రం, పెద్దవాళ్లలో సాధారణంగా రోజుకి 3 లీటర్లు దాటితే ఈ మాట వాడతారు. ఓలిగ్యూరియా: మరీ తక్కువ, రోజుకి 400 మిల్లీలీటర్ల లోపు. అన్యూరియా: దాదాపు లేనట్టే. నాక్టూరియా: రాత్రి నిద్రలో లేచి వెళ్లాల్సి రావడం.

ఇక్కడ తెలుగులో రాసుకునేవాళ్లకి ఒక చిక్కు. రక్త పరీక్షలో 'బ్లడ్ యూరియా' అని ఇంకొకటి ఉంటుంది. అది ఒక పదార్థం పేరు, కిడ్నీ రక్తంలోంచి బయటికి పంపాల్సిన వ్యర్థం. తెలుగులో రాస్తే రెండూ ఒకటే. ఇంగ్లిష్‌లో మాట చివర 'ఐ, ఏ' ఉంటే మూత్రంలోని తేడా. 'ఈ, ఏ' ఉంటే ఆ వ్యర్థ పదార్థం. 'యూరిక్ యాసిడ్' మూడోది, దానికీ యూరియాకీ సంబంధం కలపకండి.

'ఈమియా' తో ముగిస్తే అది రక్తంలోని తేడా. 'యూరీమియా' అంటే కిడ్నీ పంపేయాల్సిన వ్యర్థాలు రక్తంలో పేరుకుని ఒంటికి ఇబ్బంది చెయ్యడం. 'హైపర్‌కలీమియా' అంటే రక్తంలో పొటాషియం పెరగడం. ఇది గుండె లయని దెబ్బతీయగలదు, కాబట్టి ఈ మాట కనిపిస్తే వారం తర్వాత చూపించుకుందాం అనుకోకండి.

'ఐటిస్' అంటే వాపు, రేగుడు. సిస్టైటిస్ మూత్రాశయంలో, పైలోనెఫ్రైటిస్ కిడ్నీలో. 'ఐటిస్' చూడగానే ఇన్ఫెక్షన్ అనుకుని యాంటీబయాటిక్ వేసుకునేవాళ్లు ఉన్నారు. పై రెండూ ఎక్కువగా సూక్ష్మక్రిముల వల్లే వస్తాయి, నిజమే. కానీ 'గ్లోమెరులోనెఫ్రైటిస్'లో కిడ్నీలోని వడపోత ముడులు రేగేది చాలాసార్లు ఒంట్లోని రక్షణ వ్యవస్థ తికమక పడడం వల్ల. 'ఇంటర్‌స్టీషియల్ సిస్టైటిస్'లో కల్చర్ చేస్తే క్రిమే దొరకదు.

'లిథ్' అన్న ముక్క ఎక్కడ కనిపించినా రాయి. నెఫ్రోలిథియాసిస్: కిడ్నీలో రాళ్లు. 'కాలిక్యులస్' అన్నా రాయే, 'కాలిక్యులై' అంటే ఒకటి కంటే ఎక్కువ. 'హైడ్రో' అంటే నీరు. హైడ్రోనెఫ్రోసిస్: కిందికి పోవాల్సిన మూత్రం పోలేక కిడ్నీ లోపలి గరాటు ఉబ్బడం. కిడ్నీ చెడిపోయిందని ఆ మాట చెప్పడం లేదు. దారిలో ఎక్కడో అడ్డం ఉండొచ్చు, దాన్ని చూడండి అంటోంది. అడ్డం ఎక్కువ కాలం ఉండిపోతే మాత్రం కిడ్నీ దెబ్బతింటుంది. గర్భిణుల్లో పెరిగే గర్భసంచి ఒత్తిడి వల్ల కొంచెం ఉబ్బు, ముఖ్యంగా కుడిపక్క, తరచూ కనిపిస్తుంది.

'పతి' అంటే జబ్బు (డయాబెటిక్ నెఫ్రోపతి). 'మెగలీ' అంటే పెరగడం (ప్రోస్టటోమెగలీ). 'సీల్' అంటే జారి ఉబికి రావడం (సిస్టోసీల్: మూత్రాశయం జారడం). 'ఓమా' అంటే గడ్డ. ప్రతి 'ఓమా' క్యాన్సర్ కాదు. 'యాంజియోమయోలైపోమా' సాధారణంగా క్యాన్సర్ కాని గడ్డ. 'కార్సినోమా' అయితే క్యాన్సరే.

4. ఆపరేషన్ పేర్లు వేరుగా, నెమ్మదిగా చదవండి

ఈ అడుగు తొందరగా దాటెయ్యకండి. ఇక్కడ ఒక్క అక్షరం తేడా వస్తే ఇంట్లో అందరూ ఏడుస్తారు.

'ఎక్టమీ' అంటే తీసెయ్యడం. 'స్టమీ' అంటే బయటికి ఒక దారి పెట్టడం. వట్టి 'టమీ' అంటే కోసి తెరవడం. స్పెల్లింగులో 'టమీ'కి ముందు 'ఇ, సి' ఉంటే తీసివేత. 'ఎస్' ఉంటే దారి. ఈ రెండూ లేకపోతే కోత. 'నెఫ్రెక్టమీ' అంటే కిడ్నీ తీసెయ్యడం. 'నెఫ్రోస్టమీ' అంటే వీపు పక్కనుంచి కిడ్నీలోకి సన్నని గొట్టం వేసి, నిలిచిపోయిన మూత్రాన్ని బయటికి పంపడం. సాధారణంగా ఇది కిడ్నీని కాపాడడానికే చేస్తారు. అర్థాలు రెండు ఎదురెదురు దిక్కుల్లో ఉన్నాయి చూడండి.

పొడి అక్షరాల్లో కూడా ఇదే గొడవ. 'పీసీఎన్' అంటే పైన చెప్పిన గొట్టం వెయ్యడం. చివర 'ఎల్' చేరి 'పీసీఎన్‌ఎల్' అయితే చర్మం మీద చిన్న రంధ్రం చేసి కిడ్నీలోని రాయి తీయడం. ఆ 'ఎల్' మనం చూసిన 'లిథ్'దే.

'స్కోపీ' అంటే లోపల చూడడం. 'ట్రిప్సీ' అంటే పొడి చెయ్యడం. 'లిథోట్రిప్సీ' అంటే రాయిని పగలగొట్టడం. 'ఈఎస్‌డబ్ల్యూఎల్' అయితే బయటి నుంచి తరంగాలతో, 'యూఆర్‌ఎస్‌ఎల్' అయితే మూత్రం వచ్చే దారిగుండానే పరికరం పంపి. 'ఆర్‌ఐఆర్‌ఎస్' కూడా ఆ దారినే, వంగే స్కోపుతో కిడ్నీ దాకా వెళ్లడం. 'ప్లాస్టీ' అంటే సరిచేసి కుట్టడం. 'టీయూఆర్‌పీ' అంటే కోత లేకుండా లోపలి నుంచే ప్రోస్టేట్ అడ్డాన్ని చెక్కడం.

'డీజే స్టెంటింగ్' అని ఉంటే ఆ లైను చుట్టూ పెద్ద గుండ్రం గీయండి. కిడ్నీ నుంచి మూత్రాశయం దాకా లోపలే ఉండే మెత్తని గొట్టం అది. బయటికి కనిపించదు, కొన్నాళ్లకి దాని సంగతే మర్చిపోతారు. దాన్ని తీయించుకోవాలి. నెలల తరబడి వదిలేస్తే దాని చుట్టూ రాయి కడుతుంది, ఇన్ఫెక్షన్ వస్తుంది, తీయడానికి మళ్లీ పెద్ద ఆపరేషనే అవసరం కావచ్చు. డిశ్చార్జ్ సమ్మరీలో తీసే తేదీ ఉందో లేదో ఇప్పుడే చూడండి. లేకపోతే ఈ రోజే ఫోన్ చేసి అడిగి, క్యాలెండర్ మీద రాయండి.

5. మాట ఏ జాతిదో తేల్చండి

విడదీయడం వచ్చాక మిగిలిన సగం పని ఇదే. నా లెక్కలో భయాల్లో ఎక్కువ భాగం ఇక్కడి తప్పు వల్లే పుడతాయి. ప్రతి మాట పక్కనా ఈ నాలుగింట్లో ఒకటి రాయండి:

- బాధ: మనిషికి తెలిసేది. డిస్యూరియా, ఫ్రీక్వెన్సీ (మాటిమాటికీ వెళ్లడం), అర్జెన్సీ (ఉన్నట్టుండి ఆపుకోవడం కష్టమయ్యేంత తొందర), హెజిటెన్సీ (మొదలవడానికి సమయం పట్టడం), రీనల్ కోలిక్ (నడుములో మెలిపెట్టే కిడ్నీ నొప్పి).
- కనిపించినది: పరీక్షలో బయటపడ్డది. హైడ్రోనెఫ్రోసిస్, ప్రొటీన్యూరియా, సింపుల్ కార్టికల్ సిస్ట్ (కిడ్నీలో మామూలు నీటి బుడగ).
- జబ్బు: డాక్టరు అన్నీ కలిపి చూసి పెట్టిన పేరు. పైలోనెఫ్రైటిస్, సీకేడీ (కిడ్నీ పని నెలల తరబడి తగ్గి ఉండడం), బీపీహెచ్ (ప్రోస్టేట్ పెరగడం).
- చేసే పని: సిస్టోస్కోపీ, స్టెంటింగ్.

'హెమటూరియా' జబ్బు పేరు కాదు. రాయి వల్ల రావచ్చు, ఇన్ఫెక్షన్ వల్ల రావచ్చు, ప్రోస్టేట్ వల్ల, క్యాన్సర్ వల్ల, వడపోత ముడుల రేగుడు వల్ల కూడా రావచ్చు. 'కనిపించినది' అని తేలిన ప్రతి మాటకీ పక్కన 'దేనివల్ల?' అని ప్రశ్న రాసుకోండి. డాక్టర్ని అడగాల్సింది అదే.

డాక్టరు చీటీలోని చిన్న గుర్తుల్ని కూడా ఈ దశలోనే చూడండి. జబ్బు పేరు ముందు ప్రశ్నార్థకం ఉంటే అనుమానం మాత్రమే. 'ఆర్/ఓ' అంటే ఆ జబ్బు లేదని నిర్ధారించుకోవాలని, ఉందని కాదు. 'సి/ఓ' మీరు చెప్పిన బాధ. 'హెచ్/ఓ' గతంలో ఉన్నది. 'కే/సి/ఓ' ముందే నిర్ధారణ అయినది. 'బీ/ఎల్' రెండు పక్కలా.

6. అంకెల్ని యూనిట్‌తో కలిపి చదవండి

అంకె ఒక్కటే చూస్తే మోసపోతాం. పోయిన నెల స్కాన్‌లో రాయి '6 ఎంఎం', ఈ నెల '0.6 సీఎం' అని ఉంటే రాయి కరిగిపోలేదు, అదే సైజు. 5 మిల్లీమీటర్ల లోపు రాళ్లలో చాలావరకు వాటంతటవే పడిపోతాయి. పెద్దవయ్యే కొద్దీ ఆ అవకాశం తగ్గుతుంది.

ఒక ల్యాబ్ 'బ్లడ్ యూరియా' ఇస్తుంది, ఇంకోటి 'బీయూఎన్' (యూరియాలోని నైట్రోజన్ ఒక్కటే) ఇస్తుంది. యూనిట్ ఒకటే అయినా కొలత వేరు. బీయూఎన్‌ని 2.14తో గుణిస్తే యూరియా వస్తుంది. 15 బీయూఎన్, 32 యూరియా దాదాపు ఒకటే. రెట్టింపు అయిందని కంగారు పడనక్కర్లేదు.

క్రియాటినిన్ (కండల నుంచి వచ్చి కిడ్నీ బయటికి పంపే వ్యర్థం) కండ పట్టిన మనిషికి కొంచెం ఎక్కువ, సన్నగా ఉన్న ముసలివాళ్లకి తక్కువ ఉంటుంది. అందుకే పెద్దవాళ్లలో దాని పక్కనే ఉండే 'ఈజీఎఫ్ఆర్' (కిడ్నీ ఎంత వడగడుతోందన్న అంచనా) చూడాలి. అది 60 కంటే తక్కువగా మూడు నెలలు పైబడి ఉంటే సీకేడీ అంటారు, 15 లోపు అయితే ఆఖరి దశ. ఒక్క రోజు రిపోర్టుతో సీకేడీ అని మీరే తేల్చుకోకండి. 'ఏకేఐ' అని ఉంటే కిడ్నీ పని హఠాత్తుగా తగ్గడం. కారణాన్ని తొందరగా సరిచేస్తే చాలాసార్లు కోలుకుంటుంది. పిల్లలకి ఈజీఎఫ్ఆర్ లెక్క వేరే, పెద్దల సూత్రంతో వచ్చిన అంకె వాళ్లకి పనికిరాదు.

యూరిన్ రిపోర్టులో 'హెచ్‌పీఎఫ్' అంటే మైక్రోస్కోపులో ఒక్క చూపులో కనిపించే వృత్తం. పస్ సెల్స్ (చీము కణాలు) 5 దాకా ఉండడాన్ని చాలా ల్యాబులు మామూలుగానే చూస్తాయి. ఎపిథీలియల్ సెల్స్ చాలా ఉంటే శాంపిల్‌లో చర్మపు కణాలు కలిశాయేమో అనుకోవాలి. మధ్య ధార పట్టి, గంట రెండు గంటల్లోపు ల్యాబుకి ఇచ్చి ఇంకోసారి చేయించాల్సి రావచ్చు. ప్రొటీన్ దగ్గర 'ట్రేస్' అంటే ఆనవాలు; జ్వరంలోనూ, బాగా కష్టపడి వ్యాయామం చేశాకా కూడా కనిపించవచ్చు. డపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటి షుగర్ మందులు వాడేవాళ్ల మూత్రంలో చక్కెర ఉండడం సహజం, ఆ మందు పనే అది.

'పీవీఆర్' అంటే మూత్రం పోశాక లోపల మిగిలినది. 50 మిల్లీలీటర్ల లోపు ఉంటే సాధారణంగా పట్టించుకోరు. స్కాన్ కోసం మరీ బిగబట్టి, ఆ తర్వాత హడావిడిగా వెళ్లొస్తే ఇది ఎక్కువ చూపిస్తుందని మాత్రం గుర్తుంచుకోండి.

7. అంతా ఒక్క తెలుగు వాక్యంగా రాయండి

ఒక నమూనా ఇంప్రెషన్ తీసుకుందాం: "మైల్డ్ రైట్ హైడ్రోయురెటెరోనెఫ్రోసిస్ సెకండరీ టు 6 ఎంఎం కాలిక్యులస్ ఎట్ రైట్ వీయూజే. సింపుల్ కార్టికల్ సిస్ట్ ఇన్ లెఫ్ట్ కిడ్నీ. ఇన్‌సిగ్నిఫికెంట్ పీవీఆర్."

విడదీస్తే: హైడ్రో నీరు, యురెటెరో పైగొట్టం, నెఫ్రో కిడ్నీ. 'సెకండరీ టు' అంటే దానివల్ల. 'వీయూజే'లో వీ మూత్రాశయం, యూ యురెటర్, జే జంక్షన్. అంటే గొట్టం మూత్రాశయాన్ని కలిసే చోటు. 'పీయూజే' అని ఉంటే కిడ్నీ గరాటు గొట్టాన్ని కలిసే చోటు.

ఇప్పుడు వాక్యం: "కుడి గొట్టం చివర, మూత్రాశయం దగ్గర 6 మిల్లీమీటర్ల రాయి అడ్డం పడింది. అందువల్ల కుడి కిడ్నీ, గొట్టం కొంచెం ఉబ్బాయి. ఎడమ కిడ్నీలో మామూలు నీటి బుడగ ఉంది. మూత్రం సరిగ్గానే ఖాళీ అవుతోంది." అడగాల్సిన ప్రశ్నలు: ఈ రాయి దానంతట అది పడుతుందా, ఎన్నాళ్లు చూడొచ్చు, ఏ లక్షణం వస్తే వెంటనే రావాలి? నీటి బుడగ గురించి ఏమైనా చెయ్యాలా? సింపుల్ సిస్ట్ వయసు పెరిగేకొద్దీ చాలామందిలో కనిపించేదే, మామూలుగా ఏ వైద్యమూ అక్కర్లేదు.

ఎవరి దగ్గరికి వెళ్లాలన్నది కూడా ఈ వాక్యమే చెబుతుంది. రాయి, అడ్డం, ప్రోస్టేట్, ఆపరేషన్ అయితే యూరాలజిస్టు. ప్రొటీన్ పోవడం, క్రియాటినిన్ పెరగడం, డయాలసిస్ అయితే నెఫ్రాలజిస్టు.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

'గ్రోత్' అన్న మాట. యూరిన్ కల్చర్‌లో 'గ్రోత్' అంటే క్రిములు పెరిగాయని. మూత్రాశయం స్కాన్‌లో 'గ్రోత్' అంటే గడ్డ లాంటిది కనిపించిందని. ఏ కాగితంలో ఉందో చూడకుండా అర్థం వెతికితే ఒకదానికి అనవసరంగా ఏడుస్తారు, ఇంకోదాన్ని తేలిగ్గా వదిలేస్తారు. కల్చర్ కాగితంలోనే మందుల పేర్ల పక్కన 'ఎస్' ఉంటే ఆ మందుకి క్రిమి లొంగుతుంది, 'ఆర్' ఉంటే లొంగదు. 'ఎస్' చూసి మందు మీరే కొనుక్కోవద్దు; కిడ్నీ పనితీరు, వయసు, గర్భం చూసి ఎంచాల్సింది డాక్టరే.

'సిస్ట్'నీ, 'సిస్టో'నీ కలిపెయ్యడం. సిస్ట్ అంటే నీటి బుడగ, ఎక్కడైనా ఉండొచ్చు. సిస్టో అంటే మూత్రాశయం. అలాగే 'వెసికల్' మూత్రాశయానిది. 'సెమినల్ వెసికిల్స్' మగవాళ్లలో వీర్యానికి సంబంధించిన సంచులు, మూత్రాశయానికి వెనకే ఉంటాయి గానీ వేరు.

'నెఫ్రోటిక్', 'నెఫ్రైటిక్' ఒకటే అనుకోవడం. మొదటిదాంట్లో ప్రొటీన్ విపరీతంగా పోయి ఒళ్లు వాస్తుంది. రెండోదాంట్లో రక్తం పడడం, బీపీ పెరగడం ముందుంటాయి.

'బీపీహెచ్'ని బీపీ అనుకోవడం. ఇది ప్రోస్టేట్ గ్రంథి, క్యాన్సర్ కాకుండానే, పెరగడం. రక్తపోటుతో పని లేదు.

ఎర్రటి మూత్రమంతా రక్తమే అనుకోవడం. క్షయకి వాడే రిఫాంపిసిన్ మూత్రాన్ని నారింజ రంగు చేస్తుంది, బీట్‌రూట్ కొందరిలో ఎర్రగా చేస్తుంది. పరీక్ష చేస్తేనే తేలుతుంది. దీనికి తిరగబడ్డ పొరపాటు ఇంకా చెడ్డది: నొప్పి లేకుండా ఒకసారి రక్తం పడి, మర్నాడు ఆగిపోతే 'వేడి చేసింది, తగ్గిపోయింది' అని వదిలెయ్యడం. మూత్రాశయ క్యాన్సర్ మొదట అలాగే కనిపించవచ్చు. ఆగిపోయినా సరే చూపించుకోవాలి.

సరిగ్గా చదివారో లేదో ఎలా తెలుస్తుంది

ఈ ఐదింటినీ కింద చూడకుండా విడదీయండి: పైలోప్లాస్టీ, యురెత్రైటిస్, సిస్టోలిథోట్రిప్సీ, బ్యాక్టీరియూరియా, వెసికోయురెటెరిక్ రిఫ్లక్స్.

జవాబులు: కిడ్నీ గరాటుని సరిచేసే ఆపరేషన్, బయటికి వచ్చే దారిలో రేగుడు, మూత్రాశయంలోని రాయిని పగలగొట్టడం, మూత్రంలో బ్యాక్టీరియా, మూత్రం మూత్రాశయం నుంచి వెనక్కి గొట్టంలోకి ఎగదన్నడం. నాలుగు వస్తే మీ రిపోర్టు చదవడానికి కూర్చోవచ్చు. తప్పింది రెండోది అయితే రెండో అడుగులోని 'హెచ్' సంగతి మళ్లీ చూడండి.

తర్వాత మీరు రాసిన తెలుగు వాక్యాన్ని ఇంట్లో ఒకరికి చదివి వినిపించండి. ఎక్కడ, ఏ పక్క, ఏమిటి, ఎంత, దేనివల్ల అన్న ఐదింటికీ వాళ్లు మళ్లీ మీకు జవాబు చెప్పగలిగితే వాక్యం బాగుంది. 'దేనివల్ల' దగ్గర ఆగిపోతే అది మీ లోపం కాదు, రిపోర్టులోనే లేదన్నమాట; ప్రశ్నల జాబితాలోకి ఎక్కించండి.

ఇంకొక పరీక్ష: కుడి, ఎడమ. స్కాన్‌లో ఉన్న పక్క, చీటీలో ఉన్న పక్క, ఆపరేషన్ సమ్మతి పత్రంలో ఉన్న పక్క, మీకు నొప్పి ఉన్న పక్క, నాలుగూ ఒకటేనా చూడండి. ఎక్కడైనా తేడా ఉంటే మొహమాట పడకుండా సంతకం పెట్టకముందే చెప్పండి.

చివరిగా డాక్టరు దగ్గర "దీని అర్థం ఏంటండీ?" అని అడగడం కంటే, రాసుకున్న వాక్యం చదివి "నేను ఇలా అర్థం చేసుకున్నానండీ, ఇందులో తప్పేమైనా ఉందా?" అని అడగండి. ఆయన దిద్దిన మాటని అక్కడే, ఆ కాగితం మీదే, తేదీ వేసి రాసుకోండి. వచ్చేసారి స్కాన్‌తో పోల్చి చూడడానికి అదే కాగితం తీసుకెళ్లండి.